కావిడి నడకకు కుదిరిన వంతెన

నేను కట్టిన వంతెనల్లో ఇంతవరకూ ఒక్కటీ కూలలేదు. చాలా ఏళ్ళు ఈ మాట గర్వంగా చెప్పుకుని తిరిగాను. ఆకివీడు దగ్గర కట్టినది కూడా కూలలేదు. అది తన మీద నడిచినవాళ్ళను పడేసేది, అంతే. ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

అది ముప్పై నాలుగో, ముప్పై అయిదో సంవత్సరం. నాకు ఇరవై ఆరేళ్ళు. పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెం. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. నేను మద్రాసు వెళ్ళి ఓవర్సీరు పరీక్ష ప్యాసై వచ్చి, ఏలూరులో ఉద్యోగంలో చేరాను. ఉద్యోగంతో పాటు ఒక సైకిలూ ఒక సోలా టోపీ సంపాదించాను. ఎండ లేనప్పుడు కూడా టోపీ తీసేవాణ్ణి కాదు.

ఆకివీడుకు రెండు మైళ్ళ దూరంలో, కొల్లేటి అంచున ఒక లంక ఊరు ఉంది. ఆ ఊరి చేపలు పొద్దుటి రైలుకు ఆకివీడు స్టేషను చేరాలి. బండి పోయే దారి లేదు. గట్టు మీద కాలిబాటే. ఆ బాటకు అడ్డంగా ఒక మురుగుకాలువ. దాన్ని దాటడానికి ఊరివాళ్ళు తాటి దూలాలు వేసుకునేవారు. కాలువ మధ్యలో రెండు తాటి గుంజలు పాతి, ఇటునుంచి ఒక జత దూలాలు, అటునుంచి ఒక జత వాటి మీద ఆనించేవారు. ఏటా వరదకు అందులో ఏదో ఒకటి కొట్టుకుపోయేది. నీళ్ళు తగ్గాక మళ్ళీ వేసుకునేవారు. కొన్నేళ్ళు ఇలా జరిగాక గట్టి వంతెన వేయించమని అర్జీ పెట్టుకున్నారు. ఆ పని నాకు అప్పగించారు.

ఆఫీసువాళ్ళు ఇచ్చిన నమూనాలో కూడా నడుమ గుంజలున్నాయి. నేను వాటిని తీసేశాను. తూటికాడా నాచూ వచ్చి గుంజలకు చుట్టుకుంటాయనీ, వరదకు మొదలు కోసుకుపోతుందనీ కారణాలు రాశాను. అవి అబద్ధాలు కావు. అసలు కారణం మాత్రం వేరు. మద్రాసులో చదివిన పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. ఏదో పరాయి దేశపు తోటలో ఒక సన్నటి ఇనుప వంతెన, మధ్యలో ఏ ఆధారమూ లేకుండా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒకే దూకుగా ఉంటుంది. అలాంటిది ఒక్కటైనా కట్టాలని నాకు కోరిక. ఆ బొమ్మలో వంతెన మీద ఒక దొరసాని గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ నిలబడి ఉందన్న సంగతి నేను పట్టించుకోలేదు.

రెండు పొడుగాటి ఇనుప దూలాలు రైల్లో తెప్పించి, పడవ మీద కాలువకు చేర్చి, ఒడ్డు నుంచి ఒడ్డుకు వేయించాను. వాటి మీద అడ్డంగా చెక్కలు పరిపించాను. ఒక పక్క చేతిపట్టుకు గొట్టం కట్టించాను. పని పూర్తయ్యాక ఇసుక బస్తాలు వంతెన నిండా పేర్పించి, దారం కట్టి, ఎంత వంగిందో కొలిచాను. పుస్తకం ఒప్పుకున్నదానికంటే తక్కువే వంగింది. మూడు రోజులు బస్తాలు దాని మీదే ఉన్నాయి. బస్తాలకు ఏ ఇబ్బందీ కలగలేదు.

ఏలూరు నుంచి ఇంజనీరుగారు తనిఖీకి వచ్చి, బూట్లతో నెమ్మదిగా అటు నడిచి, ఇటు నడిచి, బాగుందన్నారు. ఆయన చేతిలో ఉన్నది రుమాలు ఒక్కటే. పాత తాటి దూలాలు పక్కనుంటే కొత్త వంతెన అందం చెడుతుందని ఆ సాయంత్రమే వాటిని గుంజలతో సహా పీకించేశాను.

నెల తిరక్కముందే ఊళ్ళో ఆడవాళ్ళు దానికి వేవిళ్ళ వంతెన అని పేరు పెట్టారు. తలమీద గంప పెట్టుకుని దాటితే అవతలి ఒడ్డు చేరేసరికి కడుపులో తిప్పుతుందట. నీళ్ళు తక్కువగా ఉన్న రోజుల్లో చీరలు పైకి దోపుకుని కాలువలోంచే నడిచి వెళ్ళేవారు. నా వంతెన కింద నుంచి. మా మేస్త్రీ ఈ సంగతి చెప్పినప్పుడు, కొత్త వస్తువు అలవాటు పడటానికి పల్లెటూరివాళ్ళకు టైము పడుతుందన్నాను. మేకలు మాత్రం మొదటి రోజు నుంచీ హాయిగా దాటేవి. దాన్ని నాకు అనుకూలమైన సాక్ష్యంగా తీసుకున్నాను.

వంతెన గురించి సూటిగా నాతో మాట్లాడినవాడు ఒక కావిడి మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి. కొల్లేటి కొర్రమీనులను ప్రాణంతోనే స్టేషనుకు చేర్చడం ఆయన పని. రెండు కడవల్లో నీళ్ళు పోసి, చేపలు వదిలి, మూతికి వలగుడ్డ కట్టి, కావిడికి తగిలించుకుని పోయేవాడు. లంక ఒడ్డున భుజానికి ఎత్తితే స్టేషను ప్లాటుఫారం మీదే దించాలి. మధ్యలో దించడం ఆ పనివాళ్ళలో తప్పు. దించితే ఎవరూ శిక్ష వెయ్యరు గానీ, ఆ మాట ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. ఆయన ఎప్పుడూ దించలేదు. నీళ్ళు ఒలికేవి కావనీ, చేపలకు తాము ప్రయాణం చేస్తున్నట్టే తెలియదనీ ఊళ్ళో అనుకునేవారు.

ఒకరోజు నేను వంతెన చెక్కలు చూస్తుంటే, ఆయన స్టేషను నుంచి ఖాళీ కావిడితో తిరిగివస్తూ ఆగాడు. వెనక నలుగురైదుగురు చేపలమ్మే ఆడవాళ్ళు ఖాళీ గంపలతో ఉన్నారు.

"వంతెన గట్టిదేనండి. అది నేను కాదంటం లేదండి. కానండి, అది నాతో కలిసి నడుత్తోందండి. నేను అడుగేసేసరికి కిందకి పోద్దండి, కాలెత్తేసరికి పైకి తోత్తదండి. పదడుగులు పోయేసరికి అది నన్ను మోత్తోందో, నేను దాన్ని మోత్తున్నానో తెలవటం లేదండి."

"నెమ్మదిగా నడువురా," అన్నాను. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాణ్ణి నేను ఏరా అనే పిలిచేవాణ్ణి. అందరూ అలాగే పిలుస్తారు గదా అనుకున్నాను.

"కావిడి నెమ్మదిగా నడవదండి," అన్నాడాయన.

ఆ మాట అప్పుడు నాకు పొగరుగా వినిపించింది. కావిడి బద్ద ఊరికే కర్ర కాదు. అది వంగుతుంది, లేస్తుంది. లేచినప్పుడు భుజం మీద బరువు ఒక క్షణం తేలికపడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో అడుగు వెయ్యాలి. అందుకే కావిడి మనిషి నడవడు, పరుగెత్తడు, రెంటికీ మధ్య గునగునా పోతాడు. నెమ్మదిగా పోతే ఆ తేలిక దొరకదు, బరువంతా ఎముక మీదే పడుతుంది. నడక వేగం మనిషి ఇష్టం కాదు, బద్ద ఇష్టం. ఇవన్నీ తరవాత నా భుజం మీద పెట్టుకుని నేర్చుకున్నవి. ఆ రోజు మాత్రం, ఇరవై ఎద్దులు ఒక్కసారి ఎక్కినా దీనికి ఏమీ కాదని అందరికీ వినపడేలా చెప్పాను.

"దీనికేం అవదండి బాబుగారూ, మాకే అవుతోంది," అంది వెనకనుంచి ఒకావిడ. ఇంకొకావిడ, ఎద్దుల్ని అడిగి చెపుతున్నారా అండి అంది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నవ్విన వాళ్ళ మీద వచ్చిన కోపం నేను ఆయన మీద పెట్టుకున్నాను.

ఆయన పడింది ఆ తరవాత రెండు వారాలకు. నేను ఏలూరులో ఉన్నాను. మేస్త్రీ చెప్పాడు. కడవల నిండా చేపలతో వంతెన సగం దాటాక మోకాలు మడత పడిందట. కావిడి దించలేదు. దించకుండా భుజం మార్చుకోబోయాడు. ఎడమచెయ్యి కింద వేసుకుని పడ్డాడు. మణికట్టు విరిగింది. ఒక కడవ పగిలింది, ఇంకోటి దొర్లింది. కొర్రమీనులు చెక్కల మీద కాసేపు కొట్టుకుని, చెక్కల సందుల్లోంచి ఒక్కొక్కటే కాలువలోకి దారి చూసుకున్నాయి. వంతెన మీద ఆ పూట సుఖంగా ప్రయాణం చేసినవి అవే.

ఊళ్ళో మిషను బడి పంతులుగారు ఊరందరి తరఫునా ఏలూరుకు అర్జీ రాశారు. వంతెన ఊగుతోందనీ, ఒక మనిషికి చెయ్యి విరిగిందనీ, నడుమ గుంజ పెట్టించమనీ. ఆ కాగితం ఆఫీసు నుంచి నా దగ్గరికి వచ్చింది, సంజాయిషీ ఇమ్మని. నేను ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. వాటిలో ఒకదాని అర్థం ఇది: విచారించగా, సదరు కూలీ కల్లు సేవించి ఉన్నందున అదుపుతప్పి పడినట్లు తెలియవచ్చినది.

విచారించగా అన్నాను గానీ ఎవర్నీ విచారించలేదు. ఊరికి వెళ్ళనే లేదు. ఏలూరులో నా బల్ల దగ్గర కూర్చుని, కాఫీ తాగుతూ రాశాను. కావిడి మోసేవాడు, తాటిచెట్ల మధ్య బతికేవాడు, కల్లు తాగకుండా ఉంటాడా అనుకున్నాను. ఆ వాక్యం రాశాక చదువుకుంటే చాలా సహజంగా ఉంది. అబద్ధం రాశానని ఆ రోజు నాకు తోచనే లేదు. దీనికంటే పెద్ద తప్పు నా జీవితంలో ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

ఆఫీసువాళ్ళు నా జవాబు నకలు అర్జీ పెట్టిన పంతులుగారికి పంపించారు. అది టైపు కొట్టిన కాగితం, కింద ముద్ర ఉంది. పంతులుగారు దాన్ని ఊరి చర్చి పాస్టరుగారికి చూపించారు. పాస్టరుగారు సంఘపు పెద్దల ముందు దాన్ని తెలుగులో చదివి వినిపించారు.

ఇదంతా నాకు తెలియదు. వంతెన దగ్గరికి మళ్ళీ వెళ్ళినప్పుడు కావిడాయన భార్య నాకోసం గంప దించుకుని నిలబడి ఉంది. ఇరవై ఎద్దుల రోజున వెనకనుంచి మాట్లాడినావిడే.

"మా ఆయన కల్లు తాగి పడ్డాడని మీరు రాశారంటండి. మీరు చూశారాండి?"

చూడలేదన్నాను.

"ఎవరన్నా చెప్పారాండి?"

చెప్పలేదన్నాను.

"మరెలా తెలిసిందండి?"

అందరూ తాగుతారు కదా అన్నాను. నా నోటినుంచి ఆ మాట తెలుగులో వస్తే ఇంగ్లీషులో ఉన్నంత బాగా లేదు.

"ఆయన మానేసి పదిహేనేళ్ళయిందండి. తాగిన రోజులు మీకంటే నాకే బాగా తెలుసండి. మానిన రోజు ఇంకా బాగా తెలుసు," అంది. తరవాత మిగతాది చెప్పింది, గొంతు పెంచకుండా. ఆయన సంఘంలో పెద్ద. నెలకోసారి ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం బల్ల మీద తెల్లగుడ్డ పరిచేది ఆయనే. ఇప్పుడు తాగినవాడని ఆయన్ని బల్లకు దూరం పెట్టారు. రొట్టె ఇచ్చే వేళకు లేచి బయటికి వెళ్ళి నిలబడాలి. రెండు ఆదివారాలు అలా నిలబడ్డాడు. తాగలేదని ఆయన చెప్పాడు. సర్కారు కాగితం తాగాడని చెప్పింది. పాస్టరుగారు మంచివారే. కానీ విచారించగా అని ఉన్న కాగితాన్ని కాదనడానికి ఆయన దగ్గర ఏముంది?

నేను చూస్తానులే అన్నాను. సైకిలెక్కి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి, నేను మొదటే చెయ్యాల్సిన పని చేశాను. మేస్త్రీని వంతెన మధ్యలో ఒక్కసారి ఎగిరి దూకమని, గడియారం పట్టుకుని, వంతెన ఎన్నిసార్లు కిందకీ పైకీ ఆడుతుందో లెక్కపెట్టాను. తరవాత గట్టు మీద నిలబడి, కావిళ్ళతో పోయేవాళ్ళ అడుగులు లెక్కపెట్టాను. రెండు లెక్కలూ ఒకటే. నేను ఎంత వెతికి కట్టినా ఇంతకంటే సరిగ్గా కుదరదు. ఉయ్యాల ఊపేవాళ్ళు అది వెనక్కి వచ్చిన ప్రతిసారీ చిన్నగా తోస్తారే, కావిడి మనిషి ప్రతి అడుగుతోనూ నా వంతెనను అలా తోస్తున్నాడు. అది తిరిగి ఆయన్ని తోస్తోంది. మేకల అడుగు వేరు, ఇంజనీరుగారి అడుగు వేరు. ఇసుక బస్తాలకు అడుగే లేదు.

ఇది తెలిశాక కూడా మూడు వారాలు ఊరుకున్నాను. కాగితం వెనక్కి తీసుకుంటే ఉద్యోగం ఏమవుతుందోనని లెక్క వేసుకుంటూ గడిపాను. ఈలోగా ఇంకో బల్ల ఆదివారం గడిచింది.

చివరికి ఒక ఉపాయం తోచింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా నడుమ గుంజలు పాతించేస్తే సరి. వంతెన ఊగడం ఆగుతుంది, మాట ఆగుతుంది, నా తప్పు దానంతట అదే సర్దుకుంటుంది. టేకు గుంజలు పడవలో తెప్పించి కూలీలను పిలిపించాను. పని మొదలుపెట్టబోతుంటే ఆయన వచ్చాడు. ఎడమ చేతికి ఇంకా వెదురుబద్దల కట్టు ఉంది.

"గుంజ పాతితే ఇది ఊగదు కదండీ?" అని అడిగాడు.

"ఊగదు. అందుకే పాతిస్తున్నాను."

"ఊగకపోతే నేను తాగినట్టేనండి."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వంతెన ఊగినంతకాలం ఆయనకు ఒక సాక్షి ఉంది. నేను ఆ సాక్షి నోరు మూయించడానికి కూలీలతో వచ్చాను.

"చెయ్యి ఎలాగూ రాదండి. అది పోనియ్యండి. నా బల్ల నాకు కావాలండి," అన్నాడు.

అయితే నన్నేం చెయ్యమంటారు అని అడిగాను. ‘మీరు’ అనే పిలుపు నా నోట ఆయన్ని ఉద్దేశించి రావడం అదే మొదలు. ఆయన అది గమనించాడో లేదో తెలియదు.

"మీరు మొయ్యండి. పాస్టరుగారి ముందు, సంఘం ముందు. నీళ్ళ కావిడి. మీరు తాగరని అందరికీ తెలుసు."

నేను ఇప్పుడే మోస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కావిడి మొయ్యడం రాని పట్నంవాసి ఎక్కడైనా పడతాడు, నట్టింట్లో కూడా పడతాడు, అందులో రుజువేముంది అన్నాడు. ముందు నేర్చుకోవాలి. నేల మీద చుక్క ఒలక్కుండా నడవాలి. అప్పుడు వంతెన ఎక్కాలి.

కూలీలను వెనక్కి పంపేశాను. తొమ్మిది రోజులు, రోజూ పొద్దున్నే, ఊరి మంచినీళ్ళ చెరువు నుంచి ఆయన ఇంటికి నీళ్ళు మోశాను. ఆయన గట్టు మీద కూర్చుని చెప్పేవాడు. భుజంతో కాదండి, మోకాలితో మొయ్యాలి. ముందున్న కడవను చూడకండి, దాని సంగతి అదే చూసుకుంటది. మొదటి రోజు రెండు కడవలూ నా పిక్కలకు కొట్టుకున్నాయి. టోపీ అంచు బద్దకు తగిలి బద్ద జారింది. రెండో రోజు నుంచి టోపీ పెట్టుకోలేదు.

ఊళ్ళో ఆడవాళ్ళకు ఆ తొమ్మిది రోజులూ మంచి కాలక్షేపం. బాబుగారు నీళ్ళు మోస్తున్నారు, అభిషేకం ఎవరికండీ అని ఒకావిడ అడిగింది. బ్రాహ్మడి చేత నీళ్ళు మోయించుకుంటే మనకి పాపం తగులుద్దేమో వదినా అని ఒకావిడ నిజంగానే భయపడింది. ఆయన భార్య మాత్రం, "గాబు నిండేదాకా పోయనీ. పాపం సంగతి తరవాత చూద్దాం," అంది. నాతో అంతకుమించి మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం, నేను అడుగు తప్పి నీళ్ళన్నీ వాకిట్లో ఒలకబోసినప్పుడు, "ఇంతవరకూ ఎవరి మాటా వినలేదు గదండీ. బద్ద మాటన్నా వినండి," అంది.

ఆరో రోజున వినిపించింది. బద్ద లేచే క్షణం భుజానికి తెలిసింది. కాలు దానంతట అదే పడింది. ఆ తరవాత నెమ్మదిగా నడవాలని ప్రయత్నించి చూశాను. కావిడి నెమ్మదిగా నడవదు. ఆయన నాకు చెప్పిన మాటను పొగరు అనుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

పదో రోజు ఆదివారం. ఆరాధన అయ్యాక పాస్టరుగారు, సంఘపు పెద్దలు, ఊరివాళ్ళు కాలువ దగ్గరికి వచ్చారు. కొందరు ముందే అవతలి ఒడ్డుకు వెళ్ళి చోటు చూసుకున్నారు. పెద్దల్లో ఒక ముసలాయన ఉన్నారు. కావిడాయన్ని బల్లకు దూరం పెట్టాలని మొదట పట్టుబట్టింది ఆయనే. నేను చర్చి వాకిట్లో కావిడి ఎత్తుకున్నాను. ముసలాయన నా వెనకే నేల చూసుకుంటూ నడిచారు, ఎక్కడైనా చుక్క పడిందేమోనని. వంతెన మొదలు దాకా పడలేదు. పడలేదని ఆయనే పైకి చెప్పారు.

వంతెన ఎక్కాను. మొదటి ఆరేడు అడుగులు గట్టు మీద నడిచినట్టే ఉన్నాయి. తరవాత చెక్కలు నా కాలికంటే ముందే కిందకు పోవడం మొదలుపెట్టాయి. నేల ఉంటుందనుకున్న చోట లేదు. తరవాతి అడుగుకు అనుకున్నదానికంటే ముందే ఉంది. బద్ద ఒకటి చెబుతోంది, అరికాలు ఇంకొకటి చెబుతోంది. ఆగుదామనుకున్నాను. నేను ఆగినా అది ఆగలేదు. ఆడవాళ్ళు పెట్టిన పేరు అబద్ధం కాదు. నేను గీసిన గీతలు, నేను కొలిచిన దారం, పుస్తకంలో దొరసాని, అన్నీ గుర్తొచ్చాయని రాస్తే బాగుంటుంది గానీ ఏవీ గుర్తు రాలేదు. పడకుండా ఉంటే బాగుండునని మాత్రం అనుకున్నాను. సగం దాటాక కుడిమోకాలు మడత పడింది. కడవలు రెండూ ఒకేసారి చెక్కలకు తగిలాయి. నేను నాలుగు కాళ్ళ మీద ఉన్నాను. నీళ్ళు చెక్కల సందుల్లోంచి కాలువలోకి పోతున్నాయి. వంతెన ఇంకా కాసేపు నన్ను జోకొట్టి, ఆగింది.

ఎవరూ నవ్వలేదు. ముసలాయన చేతిపట్టు పట్టుకుని మెల్లగా నా దాకా వచ్చి, వంగి, నా మూతి దగ్గర ముక్కు పెట్టి రెండుసార్లు వాసన చూశారు.

"వాసన లేదండి," అన్నారు పాస్టరుగారితో.

"పొద్దున్న ఏం తీసుకున్నారండీ?" అని ఒడ్డు మీద నుంచే పాస్టరుగారు అడిగారు.

కాఫీ అన్నాను. అవతలి ఒడ్డున ఎవరో అప్పుడు నవ్వారు.

నేను లేచి, ఆ కాగితంలో నేను రాసింది నిజం కాదని చెప్పాను. విచారణ చెయ్యలేదు, ఎవర్నీ అడగలేదు, వంతెన తప్పు కాదని రాయడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చి అది రాశానన్నాను.

పాస్టరుగారు తల ఊపారు. "అవతలి ఒడ్డువాళ్ళకి వినపడలేదండి. ఇంకోసారి చెప్పండి," అన్నారు.

ఇంకోసారి చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టంగా ఉంది.

ఒడ్డు చేరాక ఆయన దగ్గరికి వెళ్ళాను. ఏదో ఒకటి అనాలని ముందే అనుకుని వచ్చాను, కానీ ఆయనే ముందు మాట్లాడాడు.

"నడక బాగానే కుదిరిందండి. కుదరకపోతే పడేవారు కాదు."

తరవాతి బల్ల ఆదివారం ఆయన తెల్లగుడ్డ పరిచాడని మేస్త్రీ చెప్పాడు. ఒంటిచేత్తో పరవడం వల్ల ఒక పక్క ముడత పడిందట. ముసలాయన ఆ ముడత సరిచేశారట. నేను వెళ్ళి చూడలేదు. చూసే హక్కు నాకుందనిపించలేదు.

ఈ కబురు నాకంటే ముందే తాడేపల్లిగూడెం చేరింది. మా నాన్నగారు కార్డు రాశారు. అందులో ఉద్యోగం గురించీ, వంతెన గురించీ ఏమీ అడగలేదు. కడవలు కొత్తవేనా, చేపలు మోసినవా అని మాత్రం అడిగారు.

ఆ వారంలోనే గుంజలు పాతించాను. నడుమ ఆధారం దొరికాక వంతెన వణుకు మనిషి అడుగుకు అందనంత వేగమైంది, పాదానికి తెలియనంత చిన్నదైంది. పని అయిన రోజు ఆయన ఖాళీ చేతులతో వచ్చి, నడిమికంటా నడిచి, మడమల మీద రెండుసార్లు లేచి చూసుకున్నాడు. "ఇప్పుడు మన నడక మనది, దాని నడక దానిదండి," అన్నాడు. మళ్ళీ కావిడి మాత్రం ఎత్తలేదు. మణికట్టు తిరగలేదు. ఇంటి దగ్గర కూర్చుని వెదురు పుల్లలతో చేపలు పట్టే మావులు అల్లుకునేవాడు. ఎడమచెయ్యి పట్టి ఉంచితే కుడిచెయ్యి అల్లేది. ఆడవాళ్ళు వంతెన పేరు మార్చలేదు. ఊగకపోయినా అది వేవిళ్ళ వంతెనే.

ఆ తరవాత ఎక్కడ కాలివంతెన కట్టినా, ఇసుక బస్తాల పరీక్ష అయ్యాక నీళ్ళ కావిడితో నేనే ఒకసారి దాటేవాణ్ణి. తోటి ఓవర్సీర్లు దాన్ని మొక్కుబడి అనుకునేవారు. నేను కాదనేవాణ్ణి కాదు.

ఇంకొక్క సంగతి ఉంది. గుంజలు పాతించాక ఏలూరుకు రిపోర్టు పంపాలి. పాదచారుల సౌకర్యం నిమిత్తం నడుమ అదనపు ఆధారం కల్పించడమైనది అని రాశాను. అది నిజమే. ఇంజనీరుగారు ముందుచూపు గలవాడని నన్ను మెచ్చుకున్నారు. పాత కాగితం గురించి అందులో ఒక్క ముక్క రాయలేదు. రాయాలని పెన్ను పట్టుకున్నాను, రేపు రాద్దామనుకున్నాను. రెండు ఒడ్డుల మీద నిలబడ్డవాళ్ళకు గొంతెత్తి చెప్పినవాణ్ణి, బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఒక్క వాక్యం కొట్టెయ్యలేకపోయాను. తరవాత బదిలీ అయింది. ఆ ఫైలు ఎక్కడుందో నేను వెతకలేదు.

ఆ ఊళ్ళో ఆయన తాగలేదు. ఏలూరులో మాత్రం ఆయన ఇప్పటికీ కల్లు తాగి పడినట్టే ఉన్నాడు, ముద్ర కింద నా సంతకంతో.